రాయగడ జిల్లా ప్రాథమిక బడుల పెద్దలకు: పిల్లలకు బంతి పట్టడం నేర్పించండి

బ్లాకు విద్యాధికారులకు, ప్రధానోపాధ్యాయులకు, పాఠశాల నిర్వహణ కమిటీల్లో ఉన్న అమ్మలకు, అయ్యలకు,

నమస్కారం. ఒడిశాలో మన రాయగడ జిల్లా హైస్కూళ్ళలో పీఈటీగా చేసి రిటైరయినవాణ్ణి. ఒడియాలో అర్జీ ఇవ్వాల్సిన చోట విడిగా ఇస్తున్నాను. ఇది తెలుగులో రాయడానికి కారణం ఉంది. రాయగడలోనూ గుణుపురంలోనూ నిర్వహణ కమిటీల్లో పేరున్న తల్లిదండ్రుల్లో మన తెలుగువాళ్ళు తక్కువేం లేరు. మీటింగుకి వెళ్ళి, రిజిస్టర్లో సంతకం పెట్టి, టీ తాగి వచ్చేసేవాళ్ళలోనూ మనవాళ్ళు తక్కువేం లేరు. ఈసారి వెళ్ళినప్పుడు ఒక్క మాట మాట్లాడి రండి అని అడగడానికే ఈ ఉత్తరం.

ఆ మాట ఇదీ: ఒకటో తరగతి నుంచి మూడో తరగతి దాకా పిల్లలందరికీ బంతి పట్టుకోవడం నేర్పించాలి. వరసగా, కొంచెం కొంచెంగా, ఏడాది పొడుగునా.

ఒడియా వాచకం కూడబలుక్కుని చదవలేని పిల్లలున్న జిల్లాలో బంతి గురించి ఉత్తరమా అని కొందరికి అనిపిస్తుంది. అనిపించనివ్వండి. చదువు సంగతి చూసేవాళ్ళు చాలామంది ఉన్నారు, దానికి పథకాలున్నాయి, నివేదికలున్నాయి. దీన్ని పట్టించుకునేవాళ్ళు లేరు.

ఆరో తరగతిలో కొత్తగా చేరిన పిల్లల్ని పీఈటీ గుండ్రంగా నిలబెట్టి ఒక్కొక్కరికీ బంతి విసిరి చూస్తాడు. కొందరు అందుకుంటారు. కొందరికి బంతి దగ్గరకొచ్చేసరికి మొహం పక్కకి తిరిగిపోతుంది, కళ్ళు మూసుకుపోతాయి, చేతులు బిగుసుకుపోతాయి. బంతి గుండెలకి తగిలి కిందపడ్డాక అప్పుడు అరచేతులు రెండూ చప్పట్లు కొట్టుకుంటాయి. వెనకాల ఎవరో కిసుక్కుమంటారు. నెల తిరిగేసరికి ఆ పిల్ల ఆటలో ఉండదు. చెట్టు కింద కూర్చుని తోటివాళ్ళ చెప్పులకి కాపలా కాస్తుంటుంది. ఏమ్మా అంటే కడుపునొప్పి సార్ అంటుంది. పిల్ల అని ఎందుకన్నానంటే, అలా చెట్టు కిందకి చేరేవాళ్ళలో ఎక్కువమంది ఆడపిల్లలే.

పట్టడం రాకపోతే ఏం పోయింది, కబడ్డీ లేదా, ఖోఖో లేదా అంటారు. ఉన్నాయి, మంచి ఆటలే. కానీ క్రికెట్, త్రోబాల్, బాస్కెట్‌బాల్, హ్యాండ్‌బాల్, రగ్బీ ఇవన్నీ ఆ పిల్లకి అక్కడితో చెల్లిపోయాయి. వాలీబాల్ పట్టే ఆట కాకపోయినా, వచ్చే బంతి ఎక్కడ పడుతుందో కనిపెట్టి దాని కిందకి చేరుకోవడం అందులోనూ కావాలి. భువనేశ్వర్‌లో కిస్ అనే ఆదివాసీ పిల్లల విద్యాసంస్థలో చదువుకున్న అమ్మాయిలు భారత రగ్బీ జట్టుకి ఆడారు. కోలగా, గుడ్డు ఆకారంలో ఉండే ఆ బంతిని పట్టడం గుండ్రటి బంతిని పట్టడంకంటే కష్టం. మన కాశీపూర్ పిల్లలకీ, బిస్సంకటక్ పిల్లలకీ వాళ్ళకంటే చేతులేం తక్కువ?

"అది పుట్టుకతో రావాలండీ" అనే మాట చదువుకున్న మాస్టార్ల నోటే విన్నాను. పరుగు విషయంలో ఆ మాటకి కొంత అర్థం ఉందేమో. పట్టడం విషయంలో లేదు. రెండు మూడేళ్ళ బిడ్డకి బంతి విసిరి చూడండి. రెండు చేతులూ ముందుకి చాపి అలాగే ఉంచేస్తుంది, బంతి వచ్చి చేతుల మీద పడితే పడింది, లేకపోతే లేదు. ఇంకో ఏడాదికి దాన్ని చేతులతో వాటేసుకుని గుండెకి అదుముకోవడం మొదలవుతుంది. మొహం తిప్పేసుకోవడం కూడా ఇంచుమించు ఆ వయసులోనే బయటపడుతుంది. తనవైపు ఏదో వస్తోందని తెలిసే వయసు వచ్చింది మరి. అది లోపం కాదు. ఆరేడేళ్ళకి, తగిన బంతిని తగినట్టు విసిరితే, అరచేతులతోనే అందుకోగలుగుతుంది. ఎనిమిదేళ్ళ ప్రాంతానికి చెయ్యి కుదురుతుంది. కానీ ఆ కుదరడం వయసుతోపాటు దానంతటది రాదు. సాధన చేసినవాళ్ళకే వస్తుంది. పెద్దవాళ్ళయ్యాక కూడా తాళంచెవులు విసిరితే మొహం తిప్పుకునేవాళ్ళు మన వీధిలోనే కనిపిస్తారు. వాళ్ళకి వయసు రాలేదా?

పిల్లల కదలికల్ని పరీక్షించడానికి అమెరికాలో డేల్ అల్రిక్ అనే ఆచార్యుడు తయారుచేసిన పద్ధతి ఒకటి చాలా దేశాల్లో వాడుకలో ఉంది. మూడేళ్ళ నుంచి పదేళ్ళ పిల్లల కోసం. పట్టే పరీక్షలో నాలుగంగుళాల ప్లాస్టిక్ బంతిని 15 అడుగుల దూరం నుంచి, చెయ్యి కిందనుంచి ఊపి, బిడ్డ గుండె ఎత్తుకి విసురుతారు. చూసేవి మూడే. బంతి రాకముందు మోచేతులు వంచి చేతులు ఒంటి ముందు సిద్ధంగా పెట్టుకుందా, బంతి వస్తుంటే చేతులు దానివైపు చాపిందా, అరచేతులతోనే పట్టిందా. వాడుతున్నది ప్లాస్టిక్ బంతి అన్నది గమనించండి. చూస్తున్నది చెయ్యి తీరుని అన్నది కూడా. మన దగ్గర బంతి కింద పడిందా లేదా అన్నదొక్కటే చూస్తాం, పడితే "ఛ" అంటాం.

కొంచెం లెక్క చెప్పనివ్వండి. మూడు మీటర్ల దూరం నుంచి సెకనుకి ఆరు మీటర్ల వేగంతో విసిరిన బంతి చేరడానికి పట్టేది అర సెకను. పెద్ద వేగమేం కాదది, ఇంట్లో అన్నయ్య సరదాగా విసిరేపాటిది. ఆ అర సెకనులో ఏడేళ్ళ బిడ్డ బంతిని చూడాలి, ఎక్కడికి వస్తుందో అంచనా వెయ్యాలి, చేతులు అక్కడికి చేర్చాలి, సరిగ్గా తాకే క్షణానికి వేళ్ళు ముడవాలి. ఒక్క పావు సెకను ఎక్కువ దొరికితే ఆ బిడ్డ పట్టేస్తుంది. కాబట్టి మొదటి తరగతుల్లో మాస్టారి పని ఆ సమయం పెంచడమే. బంతి నెమ్మదించాలి. దానికి దారులు చాలా ఉన్నాయి, ఏదీ ఖరీదైంది కాదు.

మొదట దొర్లించండి. ఇద్దరిద్దరు పిల్లలు కాళ్ళు చాపి ఎదురెదురుగా వరండాలో కూర్చుంటారు, బంతి నేలమీద దొర్లుతూ వస్తుంది, రెండు చేతులతో ఆపుతారు. ఇందులో భయం లేదు, కళ్ళు బంతి వెంట నడవడం అలవాటవుతుంది. ఒకటో తరగతికి కొన్ని వారాలు ఇదే చాలు. ఆ తర్వాత బూర, అదే బెలూన్. గాలి నింపిన బూర కిందకి రావడానికి తీసుకునే సమయంలో ఎంత నిదానస్తుడైనా చేతులు సర్దుకోగలడు. పాత పల్చటి ఓణీ ముక్క పైకి విసిరి పట్టుకున్నా అంతే.

ఆ తర్వాత చింతపిక్కల సంచి. పెద్ద బడుల్లో దీన్నే బీన్‌బ్యాగ్ అని కొంటారు. మనం కొనక్కర్లేదు. రాయగడ, కోరాపుట్ సంతల్లో ఏటా ఎంత చింతపండు దిగుతుందో మీకు తెలుసు. పిక్క తీసి పండు అమ్ముకునే ఇళ్ళలో పిక్కలు గోనెలకొద్దీ మిగులుతాయి. అరచేయి అంత గుడ్డసంచిలో వదులుగా నింపి కుట్టేస్తే అయిపోయింది. ఇది దొర్లిపోదు, ఎగిరిపోదు, తగిలినా నొప్పి లేదు, వేళ్ళ మధ్య నలుగుతుంది కాబట్టి జారదు. పట్టలేకపోతే కాళ్ళ దగ్గరే పడి ఉంటుంది. బంతి కోసం కాలవ దాకా పరిగెత్తే పని తప్పుతుంది. మొదటి రెండు తరగతులకి ఇంతకంటే మంచి సామాను నాకు తెలియదు.

సంచి చేతిలో ఉన్నప్పుడు ఎవరిది వాళ్ళే పైకి వేసి పట్టాలి. మొదట కళ్ళ ఎత్తుకి, తర్వాత తల పైకి, ఆ తర్వాత మధ్యలో ఒక చప్పట్టు కొట్టి. తను వేసింది తనే పట్టడం ఎందుకు సులువంటే, ఎప్పుడు వస్తుందో, ఎక్కడికి వస్తుందో తనకి తెలుసు.

ఇక్కడ మన ఆడపిల్లల గచ్చకాయలాట గుర్తుచెయ్యాలి. చెట్టు కింద చెప్పులకి కాపలా కాసే ఆ పిల్లే, అదే చెట్టు కింద కూర్చుని అయిదు రాళ్ళలో ఒకటి పైకి ఎగరేసి, అది దిగేలోగా నేలమీద నాలుగూ ఒడిసి, దిగుతున్నదాన్ని అదే చేత్తో పడుతుంది. చూపు పైన ఉంటుంది, వేళ్ళు కింద పని చేస్తుంటాయి. ఇది బంతి పట్టడంకంటే నాలుగు రెట్లు కష్టమైన పని. మరి బంతి వచ్చేసరికి ఏమైంది? ఎగరేసేది తనే, ఎంత ఎత్తుకో తన ఇష్టమే, మొహం మీదకి వచ్చేదేం లేదు, నవ్వేవాళ్ళు లేరు, రోజూ ఆడుతుంది. ఇవన్నీ ఉన్నచోట చెయ్యి ఎంత పనిమంతురాలవుతుందో ఆ పిల్లే చూపిస్తోంది. మగపిల్లలు ఈ ఆటకి సిగ్గుపడతారు. ఒకటో తరగతిలో అందరిచేతా ఆడిస్తే ఆ సిగ్గు పుట్టదు.

తర్వాత నేలకి కొట్టి పట్టడం. కిందకి వదిలిన రబ్బరు బంతి లేచేటప్పుడు పైకి పోయేకొద్దీ నెమ్మదిస్తుంది, పైకొసలో ఒక్క క్షణం ఆగుతుంది. పట్టాల్సింది అప్పుడు. మన బడుల మైదానాలు ఎగుడుదిగుడు కాబట్టి ఇది వరండాలోనో, ప్రార్థన జరిగే సిమెంటు తిన్నె మీదో చేయించాలి. వానాకాలంలో కూడా ఆగిపోదు.

అప్పుడుగానీ ఇంకొకరు విసిరింది పట్టే దశ రాదు. మనం మొదలుపెట్టేది ఇక్కడినుంచే, అదీ చిక్కు. మొదట విసరాల్సింది మాస్టారో, గురుమానో (టీచరమ్మో). రెండు బారల దూరం నుంచి, చెయ్యి కిందనుంచి, గుండెకి సూటిగా. ఇద్దరు రెండో తరగతి పిల్లలకి బంతి ఇచ్చి ఒకరికొకరు విసురుకోమంటే విసిరేవాడికి విసరడం రాదు, పట్టేవాడికి పట్టడం రాదు, పావుగంటలో పది నిమిషాలు బంతి ఏరుకోవడానికే పోతుంది. కొంచెం చెయ్యి కుదిరాక జతలుగా నిలబెట్టేటప్పుడు నేనొక నియమం పెట్టేవాణ్ణి: బంతి కిందపడితే తప్పు విసిరినవాడిది. ఈ ఒక్క మాటతో విసిరే చేతులు మెత్తబడతాయి. పట్టేవాడి మొహంలో భయం తగ్గుతుంది.

చేతులు ఎలా పెట్టాలన్నది పిల్లలకి ఎవరూ చెప్పరు. బంతి గుండెకంటే పైకి వస్తే వేళ్ళు ఆకాశంవైపు, బొటనవేళ్ళు రెండూ దగ్గరగా. నడుము కిందకి వస్తే వేళ్ళు నేలవైపు, చిటికెన వేళ్ళు రెండూ దగ్గరగా. వేళ్ళ కొసలు ఎప్పుడూ బంతికి ఎదురుగా ఉండకూడదు. క్రికెట్లో వేళ్ళు బెణికే పిల్లల్లో చాలామంది చేతులు అలా పెట్టినవాళ్ళే. బంతి తాకగానే చేతులు ఒంటివైపు కొంచెం వెనక్కి తీసుకోవాలి, కోడిగుడ్డు విసిరితే పట్టినట్టు. ఈ గుడ్డు మాట చెప్తే ఒకటో తరగతి పిల్లకి కూడా వెంటనే అర్థమవుతుంది, పది వాక్యాలు అక్కర్లేదు.

ఇక "బంతిని చూడు, బంతిని చూడు" అని అరవడం. అందరూ అరుస్తారు, పిల్లలు మాస్టార్ని చూస్తారు. దానికంటే బంతి మీద సుద్దముక్కతో ఒక అంకె రాసి, పట్టేలోగా అంకె చెప్పమనండి. చెప్పాలంటే చూడక తప్పదు. అంకెలు నేర్పే తరగతికి ఆ పనీ జరిగిపోతుంది. బంతి రంగు వెనకాలున్న గోడ రంగులో కలిసిపోకూడదు. తెల్ల గోడ ముందు తెల్ల బంతి విసిరి పిల్లకి చూపు ఆనడం లేదంటే ఎలా? పట్టేవాళ్ళని సూర్యుడికి ఎదురుగా నిలబెట్టకండి.

చూపు మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. నెలల తరబడి నేర్పినా ఒక బిడ్డ చేతులు ఎప్పుడూ బంతికి ఒక పక్కకే పోతుంటే, తల ఒక వైపు వంచి చూస్తుంటే, కన్ను చూపించండి. ఒక కన్ను చూపు మందగించిన పిల్లలకి దూరం అంచనా సరిగా అందదు. పుస్తకం చదువుతున్నప్పుడు రెండో కన్నుతో నెట్టుకొస్తారు, ఎవరికీ తెలియదు. బంతి ముందు బయటపడుతుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల బృందం బడులకి వస్తుంది కదా, చూపు లోపాలు వాళ్ళు చూసే వాటిలో ఉన్నాయి. అలాంటి పిల్లల పేర్లు ముందే రాసి పెట్టి వాళ్ళకి చూపించండి. ఇలా ఒక కన్ను మందగించడాన్ని సోమరి కన్ను అంటారు, అది చిన్నప్పుడు దొరికితే బాగుపడే అవకాశం ఎక్కువ. అసలు చూపే లేని బిడ్డ ఉంటే గుడ్డబంతిలో నాలుగు గజ్జెలు పెట్టి కుట్టండి. అంధుల క్రికెట్లో మోగే బంతినే వాడతారు.

మన బడుల్లో ఇంకొక మేలుంది. ఒకే తరగతిలో ఇంట్లో కువి మాట్లాడే బిడ్డ, సవర మాట్లాడే బిడ్డ, ఒడియా బిడ్డ, మన తెలుగు బిడ్డ కూర్చుంటారు. ఒడియా పాఠంలో వీళ్ళలో సగంమంది ఏడాదంతా బిక్కమొహం వేసుకుని కూర్చోవడం ఎవరికి తెలియదు? బంతి పాఠానికి మూడు ఒడియా మాటలు చాలు: దెఖ (చూడు), హాత బఢా (చెయ్యి చాపు), ధర (పట్టు). మిగతాది చేసి చూపిస్తే పట్టేస్తారు. బడికి వచ్చిన మొదటి నెలలో తోటివాళ్ళతో సమానంగా చెయ్యగలిగే పని ఒకటుంటే ఆ బిడ్డ రెండో నెలా బడికి వస్తుంది. బడి మానేసే పిల్లల గురించి సర్వేలు చేసేవాళ్ళు దీన్ని గురించి కొంచెం ఆలోచించాలి.

ఇప్పుడు డబ్బు సంగతి. బడులకి ప్రభుత్వం డబ్బిచ్చే సమగ్ర శిక్షా పథకం కింద ఆటసామానుకి ప్రాథమిక బడికి ఏడాదికి 5,000 రూపాయల దాకా, ప్రాథమికోన్నత బడికి 10,000 దాకా ఇవ్వవచ్చు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ఆటస్థలం ఉండాలనీ, ప్రతి తరగతికీ అవసరమైనంత ఆటసామాను ఇవ్వాలనీ రాసి ఉంది. ప్రతి తరగతికీ అన్న మాట వదిలెయ్యకండి. ఆ డబ్బు ఏమవుతుందో చెప్తాను. ఒక క్రికెట్ కిట్టు, ఒక క్యారమ్ బోర్డు, ఒక వాలీబాల్ వస్తాయి. క్రికెట్ కిట్టు అయిదో తరగతి మగపిల్లలు పదిమందిది. క్యారమ్ బోర్డు మాస్టార్లది. వాలీబాల్ హెడ్‌మాస్టర్ గదిలో బీరువాలో ఉంటుంది. ఒక బడిలో బీరువా తెరిపిస్తే బంతులు కొన్ననాటి ప్లాస్టిక్ కవర్లలోనే ఉన్నాయి. తనిఖీ వస్తే చూపించాలట, పిల్లలకిస్తే పాడవుతాయట.

ఈసారి జాబితా మార్చండి. కార్క్ బంతి, తోలు బంతి ప్రాథమిక బడి గుమ్మం తొక్కకూడదు. క్రికెట్ బంతి బరువు 156 నుంచి 163 గ్రాములు, టెన్నిస్ బంతి 56 నుంచి 59 గ్రాములు. ఏడేళ్ళ పిల్ల ముక్కుకి ఈ రెంటిలో ఏది తగలొచ్చో మీరే చెప్పండి. గట్టి బంతి విసిరితే భయం పోతుందని నమ్మే మాస్టార్లున్నారు. ఒక్కసారి ముక్కుకి తగిలిందంటే ఆ మొహం తిప్పడం జీవితాంతం ఉండిపోతుంది, పోయేది బంతి మీద ఇష్టమే. వాలీబాల్ కూడా ఈ వయసుకి పనికిరాదు. దాని చుట్టుకొలత 65 నుంచి 67 సెంటీమీటర్లు, రెండో తరగతి పిల్ల అరచేతుల్లో ఇమడదు, అందుకని గుండెకి వాటేసుకుంటుంది. మనం మాన్పించాల్సిన అలవాటుని మనమే నేర్పినట్టవుతుంది. మరీ చిన్న బంతి అయితే చూపుకి అందదు. నాలుగు నుంచి ఆరు అంగుళాల మెత్తటి ప్లాస్టిక్ బంతులు, గాలి కొంచెం తగ్గించిన రబ్బరు బంతులు, మూడో తరగతికి టెన్నిస్ బంతులు, వీటికి తోడు చింతపిక్కల సంచులు. ఇద్దరు పిల్లలకి ఒకటి చొప్పున లెక్క వేసుకోండి. అయిదు వేలల్లో మిగులుతుంది కూడా.

ఇద్దరికి ఒకటి ఎందుకంటే, నలభైమంది పిల్లలు, నలభై నిమిషాల పీరియడ్, ఒకటే బంతి. వరసలో నిలబెడితే ఒక్కొక్కరికి దక్కేది ఒక్క నిమిషం. మిగతా ముప్పైతొమ్మిది నిమిషాలు ముందున్నవాడి జుట్టు లాగడానికి. దీనికంటే అన్యాయం, పట్టలేకపోతే ఔట్ అనే ఆటలు. రానివాళ్ళు ముందు బయటికి వెళ్ళి కూర్చుంటారు, వచ్చినవాళ్ళు చివరిదాకా ఆడతారు. ఎవరికి సాధన ఎక్కువ కావాలో వాళ్ళకే తక్కువ దొరుకుతుంది. దయచేసి మూడో తరగతి దాకా ఔట్ అనే మాటే వద్దు.

ఎవరు నేర్పాలన్నది గట్టి ప్రశ్నే. ప్రాథమిక బడికి పీఈటీ ఉండడు. విద్యాహక్కు చట్టం కూడా ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి పైగా పిల్లలున్నచోటే వ్యాయామ విద్యకి పార్ట్‌టైమ్ బోధకుణ్ణి అడిగింది. కాబట్టి ఒకటి నుంచి అయిదు దాకా క్లాసు టీచరే చెయ్యాలి. టీచర్ల నెత్తిన ఎంత బరువుందో నాకు తెలుసు. చదవడం, లెక్కలు నేర్పే నిపుణ్ భారత్ పథకం నివేదికలు, మధ్యాహ్న భోజనం లెక్కలు, యాప్‌లో ఫొటోలు, ఎన్నికల డ్యూటీలు. అందుకే పూర్తి పీరియడ్ అడగడం లేదు. వారానికి మూడుసార్లు, ప్రార్థన అయ్యాకనో, భోజనానికి ముందో, పది నిమిషాలు. చట్టం ప్రకారం ప్రాథమిక తరగతులకి ఏడాదికి 200 పని దినాలు. వారానికి ఆరు రోజుల లెక్కన 33 వారాలు, అంటే దగ్గర దగ్గర వందసార్లు. చేతికి సామాను ఉంటే పది నిమిషాల్లో ఒక పిల్ల ముప్పైసార్లు పట్టే ప్రయత్నం చెయ్యగలదు. ఏడాది తిరిగేసరికి మూడు వేలు. ఇప్పుడు ఎన్ని దక్కుతున్నాయో మీ బడికెళ్ళి ఒక్క పీరియడ్ నిలబడి లెక్కపెట్టండి.

బ్లాకు విద్యాధికారులకి ఒక మనవి. సీఆర్‌సీసీలు, అంటే క్లస్టర్ సమన్వయకర్తలు, దగ్గర దగ్గర బడుల టీచర్లకి పెట్టే క్లస్టర్ మీటింగుల్లో ఏడాదికి ఒక పూట దీనికి ఇవ్వండి. దగ్గర్లో ఉన్న హైస్కూల్ పీఈటీని పిలిపించండి, కుర్చీలు పక్కకి తీసి టీచర్లచేతే సంచులు పట్టించండి. నవ్వుకుంటారు, పర్లేదు, చెయ్యి పెట్టి నేర్చుకున్నది గుర్తుంటుంది. నాబోటి రిటైరయినవాళ్ళు గుణుపురంలోనూ రాయగడలోనూ ఉన్నాం. బస్సు ఛార్జీ కూడా అడగం. టీ ఇస్తే వద్దనం.

మన రాష్ట్రం 2018 నుంచి భారత హాకీ జట్లకి డబ్బు పెడుతోంది. ఆ ఏడాదీ, మళ్ళీ 2023లోనూ ప్రపంచ కప్ ఇక్కడే జరిపింది. సంతోషమే. దిలీప్ తిర్కీ, అమిత్ రోహిదాస్ లాంటివాళ్ళని ఇచ్చిన సుందర్‌గఢ్‌లో అసలు ఏం జరిగింది? స్టేడియాలు రాకముందే అక్కడ పల్లె పిల్లల చేతుల్లో కర్రలున్నాయి. గెలిచిన జట్టుకి మేకపోతు బహుమతిగా ఇచ్చే ఖస్సీ పోటీలు ఊరూరా జరిగేవి. ఎవరూ సెలెక్ట్ చెయ్యకముందే చిన్నప్పుడు చేతులు పండాయి. మన జిల్లాలో ఆ పని బంతితో జరగొచ్చు. అక్కడ ఊళ్ళు చేసినదాన్ని ఇక్కడ బడులు చెయ్యాలి, తేడా అదొక్కటే.

2024 జూన్ 29న బార్బడోస్‌లో టీ20 ప్రపంచ కప్ ఫైనల్లో సూర్యకుమార్ బౌండరీ గీత దగ్గర మిల్లర్ కొట్టిన బంతి పట్టినప్పటినుంచీ మన వీధుల్లో పిల్లలు గీత గీసుకుని అదే ఆట. లోపలికి ఎగరేస్తారు, బయటికి పోయి మళ్ళీ వస్తారు. అంతా మగపిల్లలే. అరుగు మీద కూర్చుని చూసేవాళ్ళు అక్కచెల్లెళ్ళు. ఆడపిల్లలకి చెయ్యి రాదన్నది మూడో తరగతి తర్వాత తయారయ్యే మాట. ఒకటో తరగతిలో సంచులిచ్చి చూస్తే ఎవరు అబ్బాయో ఎవరు అమ్మాయో చేతుల్ని బట్టి చెప్పడం కష్టం. ఆ తర్వాత ఒకరు రోజూ వీధిలో ఆడతారు, ఇంకొకరు చెంబులు తోముతారు. బడి ఇచ్చే పది నిమిషాలు ఎక్కువ అవసరమైంది ఈ రెండోవాళ్ళకి. అబ్బాయిలు ఒక జట్టు, అమ్మాయిలు ఒక జట్టు అని పోటీ పెట్టకండి, కలిపి నిలబెట్టండి.

కమిటీలోని అమ్మలకి విడిగా చెప్తున్నాను. చట్టం ప్రకారం ఆ కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగంమంది ఆడవాళ్ళు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేసే పని చట్టం మీకే అప్పగించింది. హెడ్‌మాస్టర్ రాసుకొచ్చిన కాగితం మీద సంతకం పెట్టే ముందు, ఆటసామాను అని రాసిన చోట ఏం కొంటున్నారో చదివించి వినండి. మాటలు దొరకకపోతే, తీర్మానంలో ఇలా రాయించండి:

"ఒకటి నుంచి మూడో తరగతి పిల్లలకి వారానికి మూడు రోజులు, రోజుకి పది నిమిషాలు బంతి పట్టడం నేర్పాలి. ఆటసామాను డబ్బుతో ఇద్దరు పిల్లలకి ఒకటి చొప్పున మెత్తటి బంతులు, పిక్కల సంచులు ముందుగా కొనాలి. సామాను తరగతి గదిలో, పిల్లల చేతికి అందే బుట్టలో ఉంచాలి. పాడయినవి పాడయినట్టు రాసి కొత్తవి కొనాలి. ఏ పిల్లకీ శిక్షగా బంతి ఆట మాన్పించకూడదు."

ఏడాది చివర ఒక పూట బడికెళ్ళి చూడండి. బహుమతులు, ర్యాంకులు వద్దు. నాలుగంగుళాల బంతి, పదిహేను అడుగులు, పైన చెప్పిన మూడు సంగతులు. మొహం తిప్పే పిల్లలు ఎంతమంది మిగిలారో చూసి, వచ్చే ఏడాది వాళ్ళని ముందు పట్టించుకోమని టీచరుకి చెప్పండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పీఈటీ,
రాయగడ

సంచుల కొలతలు అడుగుతారని ఇక్కడే రాస్తున్నాను. పద్నాలుగు సెంటీమీటర్ల చదరపు గుడ్డముక్కలు రెండు, చుట్టూ ఒక సెంటీమీటరు కుట్టుకి పోతుంది. మందపాటి నూలు గుడ్డ, పాత ప్యాంటు గుడ్డ అయితే మరీ మంచిది. పిక్కలు రెండెండలు బాగా ఎండబెట్టాలి, లేకపోతే పురుగు పడుతుంది. వంద గ్రాములకి కొంచెం అటూ ఇటూ పోసి వదులుగా ఉంచాలి, బిగువుగా నింపితే రాయిలా తగులుతుంది. కుట్టు రెండు వరసలు వెయ్యమని దర్జీకి గట్టిగా చెప్పండి. విప్పుకుపోతే చిన్నపిల్లలు పిక్కలు ముక్కులో పెట్టుకుంటారు.